రెండు బ్యాటరీల లారీ

జనగామ నుంచి కాళేశ్వరం దాకా లారీలు తోలిన డ్రైవర్లలో ఎవరినైనా అడగండి, ఆటో ఎలక్ట్రీషియన్ ఇబ్రహీం చేయి పడిన వైరు మధ్యలో మొరాయించిందన్న మాట ఒక్కరి నోటా రాదు. ఒకసారి ఆయన హారన్ బిగించిన లారీ మీద పిడుగు పడితే లారీకి ఏమీ కాలేదు సరికదా, ఆ పిడుగే వైరు వెంబడి మర్యాదగా నడిచిపోయి హారన్‌గా మోగి వెళ్లిపోయిందట. అంత కమ్మని మోత మళ్లీ వస్తుందేమోనని ఆ ఊరి కుక్కలు మూడు రోజులు మొరగడం మానేసి చెవులు నిక్కించుకుని కూర్చున్నాయట. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క వైరు, ఒక్కటంటే ఒక్కటి, ఆయన చేతిలో తప్పు పోలేదు. ఈ మాట మీసం మీద చేయి వేసి చెబుతున్నాను.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులకు తాళాలు. ఆదివారం పొద్దున్నే ఇబ్రహీం దుకాణం ముందు జెండాలు కట్టిన లారీ ఒకటి వచ్చి ఆగింది. లారీ నిండా మనుషులు, డప్పులు, పైన నాలుగు మైకు గొట్టాలు. ముందు సీటులోంచి హన్మంతు సార్ దిగాడు. పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు, ఇప్పుడు జాతా నడిపే కమిటీకి పెద్ద. జీతం లేదు, నిద్ర లేదు, గొంతు అప్పటికే సగం పోయింది.

"ఇబ్రహీం భాయ్, పది నిమిషాల్ల మైకు మోగాలె. తొమ్మిదింటికి జెండ ఊపుతరు."

ఇబ్రహీం బ్యాటరీ పెట్టె మూత ఎత్తి చూశాడు. పక్కపక్కనే రెండు బ్యాటరీలు. ఒకదాని తలకు ఇంకొకదాని తోకను కలుపుతూ మధ్యలో బొటనవేలంత లావు కేబుల్.

"సార్, ఈ లారీ ఇరవై నాలుగు వోల్టులది. మీ మైకు మిషన్ పన్నెండుది. సూటిగ కలిపితె మిషన్ల నుంచి పొగ వస్తది గని మాట రాదు."

"మరెట్ల?"

"రెండు తొవ్వలున్నయ్. ఇరవై నాలుగును పన్నెండు జేసే డబ్బ ఒకటి హైదరాబాదుల దొరుకుతది. లేకుంటె మైకుకు వేరే బ్యాటరీ పెట్టాలె, లారీతోని సంబంధమే లేకుంట. దాన్ని రోజు దించి చార్జింగ్ పెట్టుకోవాలె."

"హైదరాబాదా! బస్సులు మనమే బంద్ పెడితిమి, ఇగ మనమే ఎట్ల పోతం భాయ్?"

లారీ మీద నుంచి ఎవరో కేకేశారు. "నడిమిట్ల నుంచి గుంజరాదా చాచా? అందరు జేసేది గదే గద!"

అది నిజమే. టేపు రికార్డర్ పెట్టించుకునే ప్రతి డ్రైవరూ చేయించుకునేది అదే. రెండు బ్యాటరీలలో ఒక్కదానికే వైరు తగిలిస్తే పన్నెండు వోల్టులే వస్తాయి. పని అయిపోతుంది. చిన్న టేపు రికార్డర్‌కైతే ఆ పాపం కనిపించదు. నాలుగు గొట్టాల మైకు మాత్రం టేపు రికార్డర్ తాగినట్టు చెంచాతో తాగదు, కడవతో తాగుతుంది. ఈ సంగతి ఇబ్రహీంకు తెలుసు. తెలిసే స్క్రూ డ్రైవర్ తీశాడు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎర్ర వైరు కొసను పళ్లతో చెక్కి, ముందు బ్యాటరీకి బిగించి, క్యాబిన్ లోపలి నుంచి సీటు కింద తిప్పి మిషన్ దాకా లాగాడు. డ్రైవర్ జైసింగ్ పక్కనే నిలబడి ప్రతి ముడీ చూశాడు. కొడకండ్ల దగ్గరి తండావాడు. తక్కువ మాటల మనిషి.

"చాచా, ఇంజన్ బంద్ జేసినప్పుడు గూడ మైకు నడుస్తది గద. మల్ల సెల్ఫ్ కొడ్తె బండి లేస్తదా?"

సరైన ప్రశ్న. దానికి సరైన జవాబు కూడా ఇబ్రహీం నాలుక చివర ఉంది: 'రోజు పొద్దుగూకంగనే బ్యాటరీలు రెండు జాగ మార్చు.' కానీ అప్పుడే డప్పు మొదలైంది, ఎవరో వచ్చి ఆయన మెడలో గులాబీ రంగు కండువా వేశారు, మైకులో ఎవరో "జనగామ ఇబ్రహీం భాయ్ జిందాబాద్" అని అరిచారు. మనిషి ఒక బెత్తెడు పైకి లేచాడు.

"నేను కట్టినంక నీకెందుకు పరేషాన్?" అన్నాడు, జైసింగ్ భుజం తట్టి.

లారీ వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మెట్ల మీద ఒక ఆడమనిషి వచ్చి కూర్చుంది. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. సగం దూరం ట్రాలీ ఆటోలో, సగం నడిచి వచ్చానంది. జైసింగ్ భార్య సక్రి.

"చాచా, మా ఆయన వైరు గుంజేసిండంటున్నరు."

ఇబ్రహీం చేతిలో ఒక హారన్ ఉంది. అది అలాగే ఉండిపోయింది.

సక్రి చెప్పింది. మంగళవారం మానుకోటలో సభ. హన్మంతు సార్ మాట మధ్యలో ఉండగా మైకు చచ్చింది. సరిగ్గా అప్పుడే జైసింగ్ బ్యాటరీ పెట్టె మూత తీసి, లోపల చేయి పెట్టి ఉన్నాడు. యాసిడ్ ఉడుకుతున్న వాసన వస్తే చూద్దామని తీశాడు. ఆ చేయిని వందమంది చూశారు. సెల్ఫ్ కొడితే లారీ లేవలేదు. నెట్టుకుంటూ పోయారు. రాత్రంతా చార్జింగ్ పెడితే నర్సంపేటలో గంటసేపు మోగి మళ్లీ ఆగింది. గురువారం ములుగులోనూ అంతే.

"అవుతలోళ్ల కాడ పైసల్ తిన్నడట. మానుకోటల, నర్సంపేటల, ములుగుల, మూడు ఊర్లల్ల హన్మంతు సార్ మా ఆయన పేరు వెట్టి చెప్పిండు, మనలోనే ఉన్నడు ద్రోహి అని. స్టీరింగ్ ఇంకొకనికి ఇచ్చిండ్రు. రేపు భూపాలపల్లిల బొగ్గుబాయోళ్ల ముందట స్టేజి ఎక్కిచ్చి చూపిస్తరట."

"తండల ఏమంటుండ్రు?"

"ఏమంటరు. నిన్న నేను బోరింగు కాడికి పోతె ముచ్చట ఆగింది." ఆమె కొంగుతో కాలి బురద తుడుచుకుంది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "ఆయన ఫోన్ల ఒక్కటే మాట చెప్పిండు. చాచాను అడుగు, చాచా చెప్తె నమ్ముతరు అని. నువ్వు చెప్పు, ఆయన గుంజిండా?"

ఇబ్రహీం హారన్ వెనకవైపు రాగి ముక్కను గీకుతున్నాడు. అది అప్పటికే అద్దంలా ఉంది.

"బ్యాటరీ పాతదై ఉంటది బిడ్డా," అన్నాడు.

"పాతదా?"

"అయ్యుంటది."

"గట్లనే రాసియ్యి. చూపిస్త."

కాగితం కోసమని ఆయన పరదా ఎత్తి లోపలికి వెళ్లాడు. దుకాణం వెనక గదే ఇల్లు. కిటికీ వెలుతురులో ఆయన భార్య లతీఫా బేగం చాప మీద కూర్చుని కాలిపోయిన సెల్ఫ్ మోటారుకు కొత్త చుట్టు చుడుతోంది. వెంట్రుక కన్నా కాస్త లావు రాగి తీగ, పెదాలు కదలకుండా లెక్క. ఇబ్రహీం దుకాణంలో వైండింగ్ పనంతా ఆమెదే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది.

చుట్టు పూర్తయ్యాక తీగను గోరుతో నొక్కి పట్టుకుని తల ఎత్తింది.

"క్యా జీ. లారీల ఎన్ని బ్యాటరీలు?"

"రెండు."

"మైకుకు ఎన్నింటి నుంచి తీసినవ్?"

ఆయన గూట్లో కాగితం వెతుకుతున్నాడు.

"నిన్నే అడిగేది."

"ఒక్కదాన్నుంచి."

ఆమె మళ్లీ చుట్టు మీదికి వంగింది. తర్వాత ఆయన్ని చూడకుండానే చెప్పింది. "జోడెడ్లు ఉన్నయనుకో. ఒక్క ఎద్దుతోనే పొద్దంత దున్నుడు, దాణ మాత్రం రెండింటికి ఒక్కతీర్గ పెట్టుడు. దున్నిన దానికి కడుపు నిండది, దున్నని దానికి అరగది. ఒకటి ఎండి సస్తది, ఇంకోటి కడుపుబ్బి సస్తది. ఆ డ్రైవర్‌కు వచ్చిన వాసన అరగని దానిది. గీ ముచ్చట నాకు పెండ్లయిన కొత్తల నువ్వే చెప్పినవ్."

ఇక్కడ ఆగి ఒక మాట. ఈ కథ మొదట్లో నేను మీసం మీద చేయి వేసి ఒక ప్రమాణం చేశాను. దాన్ని ఇప్పుడు సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. మీసానికి ఏమీ కాలేదు, అలాంటివి చాలా చూసింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఇబ్రహీం చేతిలో తప్పు పోయిన వైర్లు, లతీఫా లెక్క ప్రకారం, పదకొండు. కానీ ఆ పదకొండూ ఆయన తెలియక చేసినవి. ఇది పన్నెండోది. తెలిసి చేసింది.

ఇబ్రహీం కాగితం లేకుండానే బయటికి వచ్చాడు.

"రాసిచ్చుడు గాదు బిడ్డా. నేనే వస్త."

"నేను గూడ వస్త," అంది సక్రి. అప్పటికే లేచి నిలబడి ఉంది.

ఆ రాత్రి సక్రి లతీఫా దగ్గరే పడుకుంది. తెల్లవారుజామునే ఇద్దరూ బయలుదేరారు. ఇబ్రహీం సంచిలో ఒక మీటరు, నాలుగు గజాల వైరు, రెండు క్లిప్పులు, ఇంకా పాత గుడ్డలో చుట్టిన గాజు గొట్టం ఒకటి. ఒక చివర రబ్బరు బుడ్డ ఉంటుంది. దాన్ని నొక్కి బ్యాటరీ లోపలి యాసిడ్‌ను పైకి లాగితే గొట్టంలో తేలే బిళ్ల ఎంత లేచిందో చూసి బ్యాటరీకి ప్రాణం ఎంతుందో చెప్పవచ్చు. అదే హైడ్రోమీటర్. సక్రి సంచిలో లతీఫా కట్టిచ్చిన జొన్న రొట్టెలు, పచ్చిమిరప తొక్కు.

హనుమకొండ దాకా పాల వ్యాను దొరికింది. క్యాన్ల మధ్య గాజు గొట్టాన్ని ఇబ్రహీం చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి పరకాల దాకా ఖాళీ ఇటుకల లారీ. దారిలో రెండు చోట్ల సమ్మె జనం రోడ్డుకు అడ్డంగా వంట చేస్తున్నారు. పొయ్యిలు ఆర్పి దారి ఇచ్చేసరికి ఒక్కోచోట అరగంట. ప్రతి అరగంటకూ సక్రి ఎండను చూసింది. సభ నాలుగింటికి.

పరకాలలో హోటళ్లు మూసి ఉన్నాయి. సన్నగా తుంపర. ఒక హోటలు రేకుల కింద నిలబడి సక్రి రొట్టెల మూట విప్పింది. ఒక రొట్టెను రెండుగా తుంచి, తొక్కు అద్ది, సగం ఆయన వైపు చాచింది.

ఇబ్రహీం అందుకోలేదు. "బిడ్డా, ఆ బ్యాటరీ పాతది గాదు."

ఆమె చేయి అలాగే ఉంది.

"కొత్తదే. తప్పు నాది. రెండింటి మీద మోయాల్సిన బరువు ఒక్కదాని మీద పెట్టిన. గట్ల పెట్టొద్దని ఎరికెనే పెట్టిన. జైసింగ్ అడిగిండు గూడ. అడిగితె, నేను కట్టినంక నీకెందుకు పరేషాన్ అన్న."

రేకుల మీద తుంపర చప్పుడు. ఎదురుగా మూసిన దుకాణం షట్టర్ మీద ఎవరో సున్నంతో రాసిన నినాదం కారిపోతోంది. సక్రి దాన్ని చదువుతున్నట్టు చూసింది. ఆమెకు చదువు రాదు.

"నిన్న చెప్తె ఏమైతుండె?" అంది.

"సిగ్గైంది."

"మా ఆయనకు కాలేదా సిగ్గు? మూడు ఊర్లల్ల?"

ఇబ్రహీం రొట్టె వైపు చూశాడు. ఆమె చేయి ఇంకా చాచే ఉంది. వెనక్కి తీసుకుంటుందనుకున్నాడు. తీసుకోలేదు.

"తిను," అంది. "భూపాలపల్లి దాక నీకు గొంతుండాలె."

ఆయన తిన్నాడు. తొక్కు కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. కారానికే అనుకుందాం.

సభకు పోతున్న ట్రాక్టరు ఒకటి ఎక్కించుకుంది. తోలేది భద్రు అనే రైతు. వెనక ట్రాలీలో ఇరవైమంది, ముందు మడ్‌గార్డు మీద ఇబ్రహీం. ట్రాక్టరు సీటు కింద ఉన్న బ్యాటరీని చూసీ చూసీ ఆయన అడిగాడు. "అన్నా, ఈ ట్రాక్టరు పన్నెండు వోల్టులదే గద?"

"ఏమో అన్నా. తాళం తిప్పితె లేస్తది, గదే నాకెరుక."

"సభల రెండు గంటలు నీ బ్యాటరీ ఇస్తవా? మైకుకు."

భద్రు వెనక్కి తిరిగి చూశాడు. "మల్ల నా ట్రాక్టరు ఎట్ల లేస్తది?"

"ఇరవైమంది ఉన్నరు గద వెనుక. ఒక నూకు నూకితె లేస్తది."

ట్రాలీలో వాళ్లు గొల్లుమన్నారు. "నూకుతం తియ్యే భద్రన్నా! జాతాకు బువ్వ పెట్టినోళ్లం బ్యాటరీ పెట్టలేమా?"

రెండున్నరకు భూపాలపల్లి చేరారు. బొగ్గుగని గేటుకు కాస్త దూరంలో మైదానం. సమ్మెలో ఉన్న కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు. లారీనే స్టేజీ చేసి మూడువైపుల తలుపులు దించారు. దాని వెనక టైరు నీడలో జైసింగ్ గొంతుకూర్చుని ఉన్నాడు. ఎవరూ కాపలా లేరు. పారిపొమ్మన్నట్టే వదిలేశారు. పారిపోలేదు. లారీ తన చేతికి ఇచ్చింది ఓనరు, తిరిగి ఆయనకే అప్పగించాలని కూర్చున్నాడు.

సక్రి వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ తమ భాషలో రెండు మాటలు అనుకున్నారు. జైసింగ్ తలెత్తి ఇబ్రహీం వైపు చూశాడు. తిడతాడేమోనని ఇబ్రహీం ఎదురుచూశాడు. జైసింగ్ లేచి, బ్యాటరీ పెట్టె దగ్గరికి నడిచి, మూత తెరిచి పట్టుకున్నాడు.

ఇబ్రహీం హన్మంతు సార్‌ను పిలిచాడు. గాజు గొట్టాన్ని ముందు బ్యాటరీలో ముంచి బుడ్డ నొక్కి వదిలాడు. తేలే బిళ్ల అడుగునే కూర్చుంది. రెండోదానిలో ముంచాడు. గొట్టంలోకి గాలే వచ్చింది. మూత దగ్గర కన్ను పెట్టి చూడమన్నాడు. నీళ్లు ఉడికి ఆవిరై పోయి లోపల పలకలు తేలి కనిపిస్తున్నాయి.

"గీ ఎద్దుతోని దున్నిపిచ్చిన సార్. దాణ మాత్రం రెండింటికి పెట్టిన. అది ఎండింది, ఇది ఉబ్బింది. జైసింగ్ చెయ్యి పెట్టింది ఈ ఉడికేదాన్ని చూసెతందుకు. మైకును చంపింది నేను. ఆదివారం రోజే చంపిన, అది మంగళారం సచ్చింది."

హన్మంతు సార్ లెక్కల పంతులు. ఆయనకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. ముఖం రంగు మారింది. గొంతు లేని గొంతుతో అన్నాడు.

"సరే భాయ్. అయిందేదో అయింది. జైసింగ్ పేరు ఇగ ఎత్త. ముచ్చట గింతటితోని బంద్."

"ఎత్తకుంటె ఎట్ల పోతది సార్? మూడు ఊర్లల్ల ఎత్తితిరి గద."

"ఇయ్యాల గీ మైదానంల ఎంతమంది ఉన్నరో చూస్తున్నవా? గీ సభ పెద్దదా, ఒక్క డ్రైవర్ ముచ్చట పెద్దదా? నువ్వే చెప్పు."

ఇబ్రహీం సంచి తీసుకుని భద్రు ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. బ్యాటరీ విప్పి, జైసింగ్ ఒకవైపు తాను ఒకవైపు పట్టుకుని లారీ మీదికి ఎక్కించారు. పాత వైరును మొదలంటా కోసేశాడు. లారీ ఇనుముకు ఎక్కడా తగలకుండా చెక్కపలక మీద ట్రాక్టరు బ్యాటరీ పెట్టి, రెండు క్లిప్పులు తగిలించి, మిషన్‌కు సొంతంగా రెండు వైర్లు లాగాడు. లారీ కరెంటు లారీది, మైకు కరెంటు మైకుది. ఆదివారం చేయాల్సిన పని ఇదే. పావుగంట పట్టింది. ఆదివారం మిగుల్చుకున్నది అయిదు నిమిషాలు.

మిషన్ మీద ఎర్ర దీపం వెలిగింది.

ఇప్పుడొక సంగతి మీకు తెలిసిందే అయినా చెప్పాలి. ఏ సభలోనైనా మైకు ముందుగా నోటి దగ్గర పెట్టుకునేది నాయకుడు కాదు, వైరు కట్టినవాడు. ఆ ఒక్క నిమిషం ఎవడూ వాడిని దిగమనడు. వాడు సరే అనేదాకా పెద్ద పెద్దవాళ్లు కింద చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఇబ్రహీం మైకు పట్టుకున్నాడు.

"హలో. హలో. మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు."

నాలుగు గొట్టాలూ ఖణీమన్నాయి. హన్మంతు సార్ మెట్టు మీద కాలు పెట్టాడు. ఇబ్రహీం ఆయన వైపు చూడలేదు.

"హలో. నా పేరు ఇబ్రహీం. జనగామల నాది ఎలక్ట్రిక్ దుకాణం. మైక్ టెస్టింగ్. మానుకోటల, నర్సంపేటల, ములుగుల ఈ మైకు ఆగింది. ఎందుకాగింది? నేను తప్పు కట్టిన. వినవస్తున్నదా వెనుకకు? వినవస్తె చెయ్యి లేపుండ్రి."

వెనక కొన్ని చేతులు లేచాయి.

"భాయ్, అయింది, దిగు," అన్నాడు హన్మంతు సార్ కింది నుంచి.

"ఇంక కాలే సార్. వెనుక గొట్టం జర తక్కువున్నది." మళ్లీ మైకులోకి. "డ్రైవర్ జైసింగ్ వైరు గుంజలే. లారీ కాలిపోతదేమో అని పెట్టె తీసి చూసిండు. లారీని కాపాడ వచ్చినోన్ని ద్రోహి అన్నరు. ద్రోహి లేడు ఈడ. ఒక తప్పు పనోడు ఉన్నడు. వాడు నేనే. ఒకటి, రెండు, మూడు. గిది మల్లొకసారి చెప్పాల్నా? వినవచ్చిందా?"

 తర్వాత ఒక మూల నుంచి మొదలై చప్పట్లు మైదానమంతా పాకాయి. గని గేటు మీది పావురాలు లేచిపోయాయి.

"సరిపోయింది," అని మైకు స్టాండుకు పెట్టి దిగాడు ఇబ్రహీం. దిగుతుంటే భద్రు రెక్క పట్టుకున్నాడు.

ఆ తర్వాత హన్మంతు సార్ గంటన్నర మాట్లాడాడు. మైకు ఒక్కసారి కూడా దగ్గలేదు. మధ్యలో జోడెడ్ల ముచ్చటను అందుకున్నాడు. దున్నే ఎద్దు ఎవరో, కడుపుబ్బిన ఎద్దు ఎవరో మీకు ఎరికేనా అని అడిగాడు. జనం హోరెత్తారు. ఎద్దుల పోలిక లతీఫా బేగం చాప మీద కూర్చుని చెప్పిందని ఎవరికీ తెలియదు. జైసింగ్ పేరు మాత్రం ఆ గంటన్నరలో ఒక్కసారీ రాలేదు.

సభ ముగిసింది. భద్రు బ్యాటరీ భద్రుకు చేరింది. ఇరవైమంది ట్రాక్టరును నూకారు, మూడో నూకుకు లేచింది. లారీ బ్యాటరీలలో ఒకదాన్ని చార్జింగ్‌కు పంపి, రెండోదానిలో ఇబ్రహీం నీళ్లు నింపుతున్నాడు. హన్మంతు సార్ వచ్చాడు. చేతిలో లారీ తాళంచెవి.

"జైసింగ్, ఇగో పట్టు. రేపు మల్లుదాం. ములుగు, నర్సంపేట, మానుకోట మీదికెల్లే జనగామ."

జైసింగ్ చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

"సార్, చాచా తప్పు చాచా ఒప్పుకున్నడు. గిక్కడ చెప్పిండు. నాకు చాలు." కాస్త ఆగాడు. అంత పొడుగు మాట అతను ఆ వారమంతా మాట్లాడలేదు. "కని మూడు ఊర్లల్ల నా పేరు చెప్పింది చాచా కాదు."

"అంటే?"

సక్రి అందుకుంది. "అంటే ఏంది సార్? ఎవల నోట వచ్చిందో ఆళ్ల నోటనే పోవాలె. మీరు బడిల పిల్లగాండ్లకు తప్పు లెక్క రాయిస్తె, దాన్ని ఇంకో పంతులు వచ్చి కొట్టేస్తడా?"

హన్మంతు సార్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "నేను కమిటీ పెద్దను. జనంల నా మాట పలుచన అయితె ఉద్యమం..." అని ఆగాడు. వాక్యం ఎటు పోవాలో దానికే తెలియలేదు. బ్యాటరీ మూతలు బిగిస్తున్న ఇబ్రహీం వైపు చూశాడు. ఇబ్రహీం మూతల మీదే చూపు పెట్టుకుని అన్నాడు.

"నా మాట పొద్దటి నుంచి పలుచనైంది సార్. మనిషిని బతికే ఉన్న."

జైసింగ్ స్టీరింగ్ ఎక్కలేదు. తాళంచెవి బానెట్ మీద ఉండిపోయింది. జాతా మనుషులు చాపలు మడుస్తూ, గిన్నెలు కడుగుతూ దాని పక్క నుంచి పోయారు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. జైసింగ్ బదులు బండి నడిపిన రెండో డ్రైవర్ కూడా "నా పెయ్యి బాగలేదు" అని దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున చార్జింగ్ నుంచి బ్యాటరీ వచ్చింది. ఇబ్రహీం రెండింటినీ కలిపి మీటరు పెట్టి చూశాడు. ఇరవై నాలుగు, పైన కాస్త. "లేస్తది," అన్నాడు ఎవరితోనో.

హన్మంతు సార్ బానెట్ దగ్గరికి వచ్చాడు. రాత్రి పడుకున్నట్టు లేడు. తాళంచెవి తీసి, జైసింగ్ ముందు నిలబడి, లెక్కల పంతులు కదా, వేళ్లు మడిచి చెప్పాడు.

"ములుగు. నర్సంపేట. మానుకోట. మూడు."

జైసింగ్ తాళంచెవి అందుకున్నాడు.

ములుగు చౌరస్తాలో లారీ ఆగినప్పుడు జనం పెద్దగా లేరు. కూరగాయల గంపలు, రెండు సైకిళ్లు, సమ్మె టెంటు కింద కొందరు ఉద్యోగులు. అక్కడి రైతు ఒకాయన ఇచ్చిన ట్రాక్టరు బ్యాటరీకి ఇబ్రహీం క్లిప్పులు తగిలించాడు. టెస్టింగ్ కోసం మైకు ఎత్తబోతే హన్మంతు సార్ చేయి అడ్డం పెట్టాడు. మైకు ఆయనే తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఎటు చూడాలో తోచక పైన గొట్టాల వైపు చూశాడు.

"హలో," అన్నాడు. "మైక్ టెస్టింగ్. ఒకటి. రెండు. మూడు. గురువారం ఇదే జాగల నేనొక మాట చెప్పిన. అది తప్పు."

క్యాబిన్‌లో జైసింగ్ ఇంజన్ బంద్ చేశాడు, మాట స్పష్టంగా వినపడాలని.

కథ ఇంతే. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, లేకపోతే ఈ ముసలాడికి నిద్ర పట్టదు. భూపాలపల్లిలో ఇబ్రహీం మాటకు చప్పట్లు నేను కొట్టించినవి. పావురాలు కూడా నావే. నిజానికి అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మైక్ టెస్టింగ్‌ను ఎవరు చెవి పెట్టి వింటారు? సగంమంది వినలేదు. విన్నవాళ్లకు ఏం చేయాలో తోచలేదు. గోళ్లలో బొగ్గు నలుపు పోని ముసలి కార్మికుడు ఒకాయన మాత్రం ముందు వరుసలోంచి లేచి, లారీ వెనక టైరు దగ్గరికి నడిచి, "జర జరుగు బిడ్డా" అని జైసింగ్ పక్కన చతికిలబడ్డాడు. సభ అయ్యేదాకా అక్కడి నుంచి లేవలేదు.

జరిగింది అంతవరకే.